ముందు పేరు, తరవాత మనిషి

మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టిన తరవాతనే కదా పేరు మాట వస్తుంది. పదకొండోనాడో ఇరవయ్యొకటోనాడో బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో తండ్రి చేత పేరు రాయిస్తారు. తాతగారి పేరా, ఇష్టదైవం పేరా అని ఎన్ని తర్జనభర్జనలు జరిగినా సరే, బిడ్డ ముందు, పేరు తరవాత.

ఈ వరసను తలకిందులు చేసిన ప్రొఫెసర్ ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు. ఆయన నోట ముందు పేరు పుట్టేది. ఈ పేరు గలవాడు ఎవడై ఉంటాడా అని ఆ తరవాత ఆలోచన పుట్టేది. ఆ ఆలోచనలోంచి ఒక మనిషి, ఆ మనిషి చుట్టూ ఊరు, ఊరి చుట్టూ దేశం, ఆ దేశానికి రాజులూ యుద్ధాలూ పాటలూ పంచాంగమూ పుట్టుకొచ్చేవి. చివరికి లోకమంతా చదివిన పెద్ద కథ అయింది. ఆయన పేరు టోల్కీన్. ఆ కథ పేరు 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 'ఉంగరాల ప్రభువు' అనుకోవచ్చు.

కథ తెలియని వారి కోసం రెండు ముక్కలు. మధ్యభూమి అనే పురాతన లోకంలో సౌరాన్ అనే దుష్టుడు ఒక ఉంగరం చేశాడు. అది తొడిగిన వాడు మాయమవుతాడు. కాని రోజులు గడిచేకొద్దీ ఉంగరమే వాణ్ణి తినేస్తుంది. దాన్ని నాశనం చెయ్యాలంటే ఎక్కడ పోత పోశారో ఆ అగ్నిపర్వతంలోనే పడెయ్యాలి. ఆ పని మహావీరుల వల్ల కాదు. మూడడుగుల పొడుగుండి, పాదాల మీద బొచ్చుండి, నేలలో తొర్రలు తొలుచుకుని హాయిగా కాపురాలు చేసుకునే హాబిట్లు అనే చిన్న మనుషుల్లో ఒకడి నెత్తిన పడుతుంది. వాడి పేరు ఫ్రోడో. తోడు వెళ్ళినవాడు తోటమాలి శామ్. కథ ఇంతే. ఇందులోని పేర్ల కథ మాత్రం ఇంతకంటె పెద్దది.

'హాబిట్' అన్న మాట పుట్టిన వైనమే చూడండి. టోల్కీన్ 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనాంగ్లం చెప్పే ప్రొఫెసర్. పేరు గొప్పదే గాని ఇంట్లో నలుగురు పిల్లలు. అంచేత ఎండాకాలం సెలవుల్లో పై ఖర్చుల కోసం స్కూలు పరీక్షల పేపర్లు దిద్దేవాడు. (ఈ బాధ మన మేష్టర్లకు వేరే చెప్పనక్కరలేదు.) సుమారు 1930 ప్రాంతంలో ఒకనాడు అలా దిద్దుతూ ఉంటే, ఒక పుణ్యాత్ముడు ఒక పేజీ ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేశాడు. ఆ తెల్ల కాగితం మీద, నేలలో ఒక తొర్రలో ఒక హాబిట్ ఉండేదని ఒక వాక్యం రాసేశాడు ప్రొఫెసరు. హాబిట్ అంటే ఏమిటో అప్పటికి ఆయనకే తెలియదు. తెలుసుకుందామని కూచుంటే 1937లో 'ది హాబిట్' అనే పిల్లల పుస్తకం అయింది. ప్రచురణకర్త తన పదేళ్ళ కొడుక్కి ఆ ప్రతి ఇచ్చి చదివించి, బాగుందని వాడు రాసిన అభిప్రాయానికి ఒక షిల్లింగు ముట్టజెప్పాడు. ఆ షిల్లింగు పెట్టుబడికి వచ్చిన లాభం లెక్క కట్టడం కష్టం.

మాట దొరికిన తరవాత వ్యుత్పత్తి వెతికాడు. ప్రాచీనాంగ్లంలో 'హోల్' అంటే తొర్ర, 'బిట్లా' అంటే కట్టేవాడు. 'హోల్‌బిట్లా' అరిగి అరిగి హాబిట్ అయిందని ఉంగరాల కథ చివర అనుబంధంలో తేల్చాడు. అంతటితో ఊరుకోలేదు. అసలు ఆ చిన్నమనుషులు తమ సొంత భాషలో తమను 'కుడుక్' అని పిలుచుకునేవారనీ, దానికి తాను ఇంగ్లీషులో హాబిట్ అని అనువాదం చేశాననీ రాశాడు. మన తెలంగాణం వారికి కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్ప. ఆ సంగతి ప్రొఫెసరుగారికి తెలిసే అవకాశం లేదు గాని, తెలిస్తే సంతోషించేవాడనే అనిపిస్తుంది. గుండ్రంగా, గట్టిగా, లోపల తియ్యగా ఉండే ఆ జనానికి అది అతకని పేరేమీ కాదు.

ఇంకో చిత్రం. మొదటి యుద్ధం ముగిశాక 1919, 1920 సంవత్సరాల్లో టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు కార్యాలయంలో పని చేశాడు. 'డబ్ల్యు' అక్షరంతో మొదలయ్యే మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఆయన వంతు. ఆ నిఘంటువుకే 1976లో వచ్చిన అనుబంధ సంపుటంలో 'హాబిట్' ఎక్కింది, టోల్కీన్ కల్పించిన మాట అని. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు. ఆ తరవాత బయటపడిందేమంటే, 1895లో అచ్చయిన 'డెన్హమ్ ట్రాక్ట్స్' అనే జానపద విషయాల సంపుటిలో దయ్యాలూ పిశాచాల పేర్లు వరసగా ఇచ్చిన పెద్ద పట్టికలో 'హాబిట్లు' అన్న మాట ఒకటి ఇరుక్కుని ఉంది! ఆయన చూశాడా, చూసి మరిచాడా, తెలియకుండానే నోటికొచ్చిందా అనేది ఆయనను అడగడానికి ఎవరికీ వీలు లేకపోయింది.

బొగ్గు వాగన్ల మీది భాష

పేర్ల పిచ్చి ఈయనకు చిన్నప్పుడే పట్టుకుంది. పుట్టింది దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్‌లో, 1892 జనవరి 3న. నాలుగేళ్ళ వయస్సుకే తండ్రి పోయాడు. అప్పటికే ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని ఇంగ్లండు వచ్చి ఉన్న తల్లి వాళ్ళను బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల అద్దె ఇళ్ళల్లో పెంచింది. తనే లాటిన్ చెప్పింది. ఏడేళ్ళప్పుడు ఈ కుర్రాడు ఒక మహాసర్పం కథ రాసి తల్లికి చూపించాడు. ఆవిడ కథ సంగతి ఏమీ అనలేదట. 'పచ్చని పెద్ద పాము' అనకూడదు నాయనా, ఇంగ్లీషులో 'పెద్ద పచ్చని పాము' అనే అనాలి అన్నదట. ఎందుకలా అనాలి అని ఆ కుర్రాడు అడిగాడు. ముసలివాడయ్యాక కూడా అదే ప్రశ్న అడుగుతూ ఉన్నాడు. మన భాషలో ఎటు అన్నా చెల్లుతుంది కనుక మన పిల్లలకు ఈ చిక్కు లేదు.

ఒక అద్దె ఇంటి వెనకాల రైలు మార్గం ఉండేది. ఆ దారిన వేల్స్ దేశం నుంచి బొగ్గు వాగన్లు వచ్చేవి. వాటి మీద తెల్ల అక్షరాలతో రాసి ఉన్న ఊళ్ళ పేర్లు నోరు తిరగనివి. మిగతా పిల్లలు వాగన్లు లెక్క పెట్టుకునేవాళ్ళు కాబోలు. వీడు ఆ పేర్లు చదువుకునేవాడు. అర్థం తెలియదు. తెలియకపోయినా ఎంత బాగున్నాయి అనుకున్నాడు. పెద్దయ్యాక తన కథలోని దేవజాతివారి కోసం, అంటే చావులేని 'ఎల్ఫులు' అనే జాతి కోసం, రెండు భాషలు కల్పించినప్పుడు ఒక దానికి ఆ వేల్స్ భాష రూపురేఖలిచ్చాడు. సిందారిన్ అంటే అదే. రెండోది క్వెన్యా, దానికి ఫిన్లండు భాష ఒరవడి. కాలేజీ లైబ్రరీలో ఫిన్నిష్ వ్యాకరణం దొరికిననాడు కొత్త ద్రాక్షసారా మత్తెక్కినట్టయిందని తరవాత ఒక మిత్రుడికి చెప్పుకున్నాడు. ఉత్తుత్తి మాటల జాబితా కాదు సుమండీ. ధాతువులు, విభక్తులు, కాలక్రమాన ధ్వనులు మారిన తీరు, అన్నీ ఉన్నాయి. కథలు రాయడానికి భాషలు కల్పించలేదనీ, భాషలకు నిలవనీడ కోసం కథలు కల్పించాననీ, తనకు పేరు ముందు వస్తుందనీ కథ దాని వెనక నడుస్తుందనీ 1955లో అమెరికాలోని తన ప్రచురణకర్తలకు స్పష్టంగా రాశాడు.

మొట్టమొదట అలా వచ్చిన పేరు 'ఎయారెండెల్'. ప్రాచీనాంగ్లంలో ఒక భక్తి కావ్యం చదువుతూ ఉంటే ఈ మాట తగిలింది. వేగుచుక్క వంటి వెలుగుకు పేరు. మాట అందానికి నిలువెల్లా పులకరించి, 1914 సెప్టెంబరులో ఆ పేరుగల నావికుడు ఆకాశంలో ఓడ నడిపినట్టు ఒక పద్యం రాశాడు. ఆయన సృష్టికంతకీ అది మొదటి విత్తు. 2022లో హబుల్ దూరదర్శినితో శాస్త్రజ్ఞులు ఒక నక్షత్రాన్ని పట్టుకున్నారు. దాని వెలుతురు మనను చేరడానికి సుమారు 1,290 కోట్ల ఏళ్ళు పట్టిందన్నారు. దానికి పెట్టిన పేరు ఎయారెండెల్.

కర్ర పట్టిన వాడు

అన్ని పేర్లూ సొంతానివే అనుకోకండి. 'హాబిట్' కథలోని మరుగుజ్జులకు పేర్లు కావలసి వచ్చినప్పుడు ఐస్లండు వారి పురాతన కావ్యం 'వోలుస్పా' తెరిచాడు. అందులో మరుగుజ్జుల పేర్లు ఒక చోట సహస్రనామంలా వరసగా ఉన్నాయి. థోరిన్, ఫీలీ, కీలీ, బిఫూర్, బోఫూర్, బొంబూర్ అందరూ అక్కడివాళ్ళే. బొంబూర్ అంటే బొండాం లాంటి లావుపాటివాడు. కథలోనూ వాడి వల్ల పడవలు మునిగేంత పని అవుతుంది. పదముగ్గురు మరుగుజ్జుల్లో బాలిన్ ఒక్కడి పేరే ఆ పట్టికలో లేదు.

ఆ పట్టికలోనే 'గాండాల్ఫ్' కూడా ఉంది. తొలి చిత్తుప్రతిలో అది మరుగుజ్జుల నాయకుడి పేరు. మాంత్రికుడి పేరు వేరు, బ్లాడోర్థిన్. కాని గాండాల్ఫ్ అన్న మాటకు అర్థం 'మంత్రదండం గల ఎల్ఫు'. మరుగుజ్జుల పట్టికలో కర్ర పట్టుకున్న ఎల్ఫు ఎందుకున్నాడు? ఈ ప్రశ్న మెదిలాక పేరు మరుగుజ్జు దగ్గర నిలవలేదు. కర్ర ఉన్నవాడి దగ్గరికి, మాంత్రికుడి దగ్గరికి నడిచి వెళ్ళింది. నేడు లోకంలో ఏ పిల్లవాణ్ణి అడిగినా బూడిదరంగు అంగీ, గడ్డం, కర్ర గల ఆ ముసలాయనే గాండాల్ఫ్. బ్లాడోర్థిన్ అంటే ఎవరో ఎవరికీ పట్టదు.

పేరు మారితే మనిషి మారతాడనడానికి ఇంకో సాక్ష్యం. ఫ్రోడోకు మొదట్లో పెట్టిన పేరు 'బింగో'. ఆ పేరుతో అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు. కథ రానురాను చీకటిపడుతూ వచ్చింది. ఉంగరం బరువుకు కుంగిపోతూ నిప్పుకొండ ఎక్కేవాడి పేరు బింగో అంటే ఎలా కుదురుతుంది? ఊహించుకోండి: మన శ్రీరాముణ్ణి అడవికి పంపిస్తూ దశరథుడు 'ఒరే చిట్టిబాబూ' అన్నట్టుంటుంది.

మరుగుజ్జుల బహువచనం గురించి ఒక ముక్క. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం 'డ్వార్ఫ్స్' అనాలి. ఈయన పట్టుబట్టి 'డ్వార్వ్స్' అని రాశాడు. ఉంగరాల కథ కూర్చిన అచ్చాఫీసు వాళ్ళు అది తప్పనుకుని దిద్దేశారు. ఈయన మళ్ళీ మొదటికి దిద్దించాడు. 1961లో పిల్లల కోసం వేసిన చౌక ప్రతిలో ఇంకెవరో మళ్ళీ దిద్దేశారు. నిఘంటువు రాసినవాడికే నిఘంటువు చూపించారన్నమాట.

గాయాల దూది

తోటమాలి పేరు శామ్‌వైజ్ గామ్‌జీ. శామ్‌వైజ్ అంటే ప్రాచీనాంగ్లంలో 'సగం తెలివి గలవాడు'. వాడి తండ్రి పేరు హామ్‌ఫాస్ట్, అంటే ఇల్లు కదలనివాడు. ఇంటిపేరుకు వేరే చరిత్ర ఉంది. 1880లో బర్మింగ్‌హామ్ నగరంలో జోసెఫ్ శాంప్సన్ గామ్‌జీ అనే శస్త్రవైద్యుడు రెండు పలచని గుడ్డల నడుమ దూది పరిచి గాయాలకు కట్టే పద్ధతి కనిపెట్టాడు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఇంటింటా దూదినే 'గామ్‌జీ' అనేవారు. టోల్కీన్ చిన్నతనం గడిచింది ఆ ఊళ్ళోనే కదా. 1932లో పిల్లలను తీసుకుని కార్న్‌వాల్ సముద్రతీరానికి వెళ్ళినప్పుడు, వచ్చేపోయే వాళ్ళనల్లా ఆపి వానా ఎండా ముచ్చట్లు చెప్పే ఒక ముసలాయనకు పిల్లల్ని నవ్వించడానికి 'గామ్‌జీ తాత' అని పేరు పెట్టాడు. ఆ పేరు అలా కథలోకి వచ్చింది. కథలో శామ్ పెళ్ళాడే పిల్ల రోజీ, కాటన్ వారి ఆడపడుచు. దూది ఇంటికి పత్తి ఇంటి పిల్ల! ఇది నేను కావాలని చేసిన హాస్యం కాదు గాని హాబిట్లకు ఇలాంటి హాస్యం నచ్చేదే అని అనుబంధంలో బుద్ధిమంతుడిలా చెప్పి తప్పుకున్నాడు రచయిత.

నవ్వు ఒకటే కాదు, ఆ పేరులో నెత్తురు కూడా ఉంది. టోల్కీన్ 1916లో ఫ్రాన్సులో సోమ్ నది యుద్ధంలో చిన్న ఆఫీసరుగా పని చేశాడు. స్కూల్లో ప్రాణానికి ప్రాణంగా మెలిగిన స్నేహితులు నలుగురు. ఆ యుద్ధంలో ఇద్దరు పోయారు. ఒకడు జులై 1న, యుద్ధం మొదలైననాడే. ఇంకొకడు డిసెంబరు 3న. ఈయనకు పేల వల్ల వచ్చే కందకాల జ్వరం పట్టుకుని ఇంటికి పంపించారు, బతికిపోయాడు. ఆ కందకాల్లో తను చూసిన మామూలు సిపాయీలు, ఆఫీసర్ల వెంట ఉండి మూటలు మోసిన జవానులు, వాళ్ళే నా శామ్, వాళ్ళంతా నాకంటె ఎంతో గొప్పవాళ్ళు అని తరవాత చెప్పుకున్నాడు. గాయాల మీద వేసే దూది పేరు ఆ మనిషికి ఇంటిపేరయింది.

1956లో లండను నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 'అయ్యా, మీ పుస్తకం రేడియోలో చదువుతున్నారట, అందులో నా పేరే ఉందట, ఎలా వచ్చింది?' అని. నిజంగా శామ్ గామ్‌జీ అనే పేరుగల మనిషి! ప్రొఫెసరు పొంగిపోయి జవాబు రాసి, మూడు సంపుటాలూ చేవ్రాలు చేసి పంపించాడు. 'ఇక గొల్లమ్ దగ్గర నుంచి ఉత్తరం రాకుండా ఉంటే చాలు' అని డైరీలో భయపడ్డాడట.

సంచివారి బిల్బో

ఫ్రోడో పెంపుడు తండ్రి బిల్బో. వాళ్ళ ఇంటిపేరు బాగిన్స్. 'బాగ్' అంటే సంచి. అదీగాక ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో 'బాగిన్' అంటే రెండు భోజనాల మధ్య తినే పలహారం; దొరికితే రోజుకు ఆరు పూటలు తినే జాతికి సరైన పేరు. వాళ్ళ ఇల్లు 'బాగ్ ఎండ్'. ఈ పేరు నిజంగా వూస్టర్‌షైర్‌లో ఈయన పినతల్లిగారి పొలానికి ఉండేది.

ఇతర భాషల వాళ్ళు ఉంగరాల కథను అనువదించబోయేసరికి పేచీ వచ్చింది. హాలండు వాళ్ళది మొదటిది, 1956లో. ఊళ్ళ పేర్లన్నీ మార్చేశారని ప్రొఫెసరుకు మండిపోయింది. స్వీడన్ వాళ్ళ అనువాదం చూసి ఇంకా మండిపోయింది. చివరికి తనే అనువాదకుల కోసం పేర్ల పట్టిక ఒకటి తయారు చేశాడు. ఆయన పోయాక 1975లో అచ్చయింది. సూత్రం తేలికే: ఎల్ఫుల భాషలో ఉన్న పేరు ముట్టుకోకండి, ఇంగ్లీషులో అర్థం తెలిసే పేరును మీ భాషలో అర్థం తెలిసేలా మార్చండి. అంచేత జర్మను పుస్తకంలో బాగిన్స్ కాస్తా 'బాయిట్లిన్' అయ్యాడు, ఫ్రెంచిలో 'సాకే' అయ్యాడు. రెంటిలోనూ సంచే ఉంది.

ఈ లెక్కన తెలుగువాళ్ళకంటె తేలిగ్గా ఈ పని చెయ్యగలవారు ఎవరు? పప్పువారు, ఉప్పువారు, గుర్రంవారు, కత్తివారు ఉన్న చోట సంచివారు ఉంటే ఎవరికి అభ్యంతరం? 'సంచివారి బిల్బోగారు' అంటే పెళ్ళి శుభలేఖ మీద కూడా ఇమిడిపోతుంది. పేరులోనే స్వరూపం చెప్పెయ్యడం మనకు వాల్మీకి నాటి నుంచీ ఉన్నదే. చేటలంత గోళ్ళుంటే శూర్పణఖ, కుండలంత చెవులుంటే కుంభకర్ణుడు.

అసలు గమ్మత్తు ఏమిటంటే, తన పుస్తకమే ఒక అనువాదమంటాడు టోల్కీన్. ఎప్పటిదో తాళపత్రం వంటి ఒక ఎర్ర పుస్తకం తనకు దొరికిందనీ, అందులోని వాడుక భాషను ఇంగ్లీషు చేశాననీ నటిస్తాడు. ఆ భాషలో ఫ్రోడో అసలు పేరు మౌరా. శామ్ పేరు బన్. బిల్బో పేరు బిల్బా. ఆ భాషలో 'ఆ'తో ముగిసేవి మగ పేర్లట. ఇంగ్లీషువాళ్ళు ఆడపేరనుకుంటారని 'ఓ'కారం చేశాడట. లేని భాషలోని లేని పేర్లను ఇంత శ్రద్ధగా దిద్దిన మనిషిని పిచ్చివాడనాలో ఋషి అనాలో తెలియదు. గుర్రపు రౌతుల రాజ్యం రోహన్‌లో మరీ తమాషా: రాజుల పేర్లు థెయోడెన్, థెంగెల్, ఫెంగెల్ అని గంభీరంగా వినిపిస్తాయి, ప్రాచీనాంగ్లం తెలిసిన వాడికి దాదాపు అన్నింటికీ అర్థం ఒకటే, రాజు. 'రాజుగారి కొడుకు ప్రభువుగారు, ఆయన తండ్రి దొరగారు' అన్నట్టు.

పేరు పోగొట్టుకున్న వాళ్ళు

ఈ కథలో చావుకంటె పెద్ద నష్టం పేరు పోవడం. ఉంగరం కోసం నేస్తాన్ని చంపిన హాబిట్ జాతివాడు ఒకడున్నాడు. వాడి పేరు స్మియాగోల్. ప్రాచీనాంగ్లంలో బొరియకు సంబంధించిన మాట. చచ్చిన నేస్తం డియాగోల్. అంటే రహస్యం, దాగినది. (మహాసర్పం 'స్మౌగ్' పేరు కూడా బొరియలో దూరే ఆ ధాతువు నుంచే వచ్చింది.) కొండ కింద చీకట్లో వందల ఏళ్ళు పచ్చి చేపలు తింటూ బతికి, గొంతులో గుటక పడ్డట్టు 'గొల్లమ్, గొల్లమ్' అని చప్పుడు చెయ్యడం వల్ల లోకం వాణ్ణి గొల్లమ్ అన్నది. మనిషికి పేరు పోయి గొంతు చప్పుడు మిగిలింది.

ఫ్రోడో వాణ్ణి పట్టుకున్నప్పుడు కొట్టడు. 'స్మియాగోల్' అని పాత పేరుతో పిలుస్తాడు. ఎన్ని తరాల తరవాతనో తన పేరు తను విన్న ఆ దిక్కుమాలిన ప్రాణి కొన్నాళ్ళు నిజంగా మారుతుంది, దారి చూపిస్తుంది, కుందేళ్ళు పట్టి తెచ్చిపెడుతుంది. శామ్ మాత్రం వాడికి రెండు తిట్టుపేర్లు పెడతాడు. మెత్తబడిన ఆ మనసు మళ్ళీ చెడడంలో శామ్ మాట విసురుకూ పాలుంది. ఎవరు ఏ పేరుతో పిలిచారన్న దాని మీద ఇంత కథ నడవడం మరో నవలలో నేను చూడలేదు. సౌరాన్ కొలువులో ఒక దూత వస్తాడు; దొర నోటి మాట చెప్పి చెప్పి తన సొంత పేరేమిటో తనే మరిచిపోయాడు వాడు.

పేరు దాచుకుని దక్కించుకున్నవాడు ఆరగార్న్. రెండేళ్ళప్పుడు తండ్రిని శత్రువులు చంపితే, ఎల్ఫుల ఇంట 'ఎస్టెల్' అనే పేరుతో పెరిగాడు. ఎస్టెల్ అంటే ఆశ. ఇరవయ్యో ఏట గాని అసలు పేరూ వంశమూ వాడికి చెప్పలేదు. తరవాత దేశాలు పట్టి తిరుగుతూ ఉంటే ఒక సత్రం ఊరివాళ్ళు 'స్ట్రైడర్' అన్నారు. బారలు వేసుకుంటూ తిరిగే దిమ్మరి అని ఎగతాళి. విరాటుని కొలువులో కంకుభట్టు, వలలుడు, బృహన్నల పేర్లను ఎరిగిన మనకు ఈ అజ్ఞాతవాసం కొత్త కాదు. కాని మన పాండవులు గడువు తీరగానే ఆ పేర్లు విప్పి పారేశారు. ఆరగార్న్ పట్టాభిషిక్తుడయ్యాక ఆ ఎగతాళి పేరునే ఎల్ఫుల భాషలోకి మార్చి 'టెల్కోంటార్' అని తన రాజవంశానికి పేరుగా పెట్టుకున్నాడు.

ఈ పేర్లు పుస్తకం అట్టలు దాటి ఎక్కడెక్కడికో పోయాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి గుహలో 2003లో మీటరు ఎత్తు మాత్రమే ఉన్న ప్రాచీన మానవజాతి ఎముకలు దొరికితే దానికి ముద్దుపేరు 'హాబిట్'. ఇంకా దగ్గరికి వస్తే, మన పొరుగున కేరళలో భూగర్భ జలాల చీకట్లో బతికే చేప ఒకటి బయటపడింది. 2019లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'ఏనిగ్మాచన్నా గొల్లమ్'. మనం ఎరిగిన కొర్రమీనుకు దూరపు చుట్టం. పచ్చి చేపలు తిని బతికినవాడి పేరు చివరికి చేపకే వచ్చింది.

ఎవరూ పిలవని పేరు

పదహారేళ్ళప్పుడు తల్లీ తండ్రీ లేని టోల్కీన్ తను ఉన్న అద్దె ఇంట్లోనే మరో గదిలో ఉండే ఎడిత్ అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆ పిల్ల కూడా అనాథ. వయస్సులో మూడేళ్ళు పెద్ద. సంరక్షకుడైన మతగురువు, ఇరవయ్యొకటి నిండేదాకా ఉత్తరం ముక్క కూడా రాయవద్దని ఆన పెట్టాడు. ఈయన మాట తప్పలేదు. 1913 జనవరి 3న, ఇరవయ్యొకటో పుట్టినరోజు అర్ధరాత్రి గడియారం కొట్టగానే ఉత్తరం రాయడానికి కూచున్నాడు. ఈలోగా ఆవిడకు మరొకరితో సంబంధం నిశ్చయమైంది. ఈయన రైలెక్కి వెళ్ళి మాట్లాడాక ఆవిడ ఆ ఉంగరం తిరిగి ఇచ్చేసింది. 1916 మార్చిలో పెళ్ళయింది. జూన్‌లో ఈయన యుద్ధానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చాక 1917లో, యార్క్‌షైర్‌లో రూస్ అనే పల్లె దగ్గర తెల్లపూలు నిండిన చిన్న అడవిలో ఆవిడ ఈయన ఎదుట నాట్యం చేసింది. ఆ క్షణంలోంచి ఆయన కథలన్నిటిలోకీ ఆయనకు ప్రియమైన కథ పుట్టింది. బెరెన్ అనే మానవుడు అడవిలో లూథియెన్ అనే ఎల్ఫు రాజకుమారి నాట్యం చూస్తాడు. పేరు తెలియదు. తెలియక తనే 'టినూవియెల్' అని పిలుస్తాడు. కోకిల వంటి రాత్రి పాటల పిట్ట. ఆ పిలుపు విని ఆమె ఆగుతుంది. తరవాత అతను చనిపోతే ఆమె మృత్యుదేవత ఎదుట నిలబడి పాడి భర్తను తెచ్చుకుంటుంది. మన సావిత్రి యముణ్ణి మాటలతో గెలిచి అన్నీ దక్కించుకుంది. లూథియెన్ మాత్రం భర్త కోసం తన అమరత్వాన్ని వదులుకుని, ఒకనాటికి అతనితో పాటు తనూ చావడానికి ఒప్పుకున్నది.

ఎడిత్ 1971 నవంబరులో మరణించింది. ఆక్స్‌ఫర్డ్‌లో వూల్వర్‌కోట్ శ్మశానంలో ఆమె సమాధి రాతి మీద పేరు కింద 'లూథియెన్' అని చెక్కించాలని టోల్కీన్ కోరాడు. 1973 సెప్టెంబరు 2న ఆయన కూడా పోయాక అదే రాతి మీద ఆయన పేరు కింద 'బెరెన్' అని పిల్లలు చెక్కించారు. ఆ రాయి కోసం కొడుక్కి రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది: ఆమె బతికి ఉన్న రోజుల్లో ఆ పేరుతో ఆమెను ఆయన ఎన్నడూ పిలవలేదట.